గట్టులో ఒకటి, గింజలో ఒకటి
(ఆమదాలవలసలో చేసిన స్మారకోపన్యాసం)

ఎవరి స్మృతికి ఈ సభ జరుగుతోందో వారిని గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు మిగిలింది విషయమే కాబట్టి నేరుగా అందులోకే దిగుతాను. వరిచేలో తిరిగే మిడత ఒకటి, బియ్యంలో పుట్టే ముక్కుపురుగు ఒకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా ప్రయత్నం.

పంటకు వచ్చే కీడుల్ని మన పూర్వులు ఆరుగా లెక్కగట్టి ఈతిబాధలన్నారు. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొలిమేర దాకా వచ్చిన పరరాజులు. ఈ వరుసలో మిడతకు రాజు పక్కన పీట వేశారు. ముక్కుపురుగును మాత్రం పిలవనే లేదు. దాన్ని ఎరగక కాదు. గాదె ఉన్న ప్రతి ఇల్లూ ఎరిగినదే. ఆ ఆరింటినీ మళ్ళీ ఒకసారి చూడండి. వాన ఆకాశం నుంచి వస్తుంది, చిలుక అడవి నుంచి వస్తుంది, రాజు సరిహద్దు దాటి వస్తాడు. ఎలుక కన్నం లోంచి వస్తుంది. అన్నీ ఎక్కడి నుంచో వచ్చి మీద పడేవే. ముక్కుపురుగు ఎక్కడి నుంచీ వస్తున్నట్టు కనిపించదు. నిన్న బాగున్న బియ్యంలో ఇవాళ ఉంటుంది, అంతే. రాకడ లేనిదాన్ని ఆపద అనడం మనకు అలవాటు లేదు. నేను చెప్పదలచినది ఇంకో అడుగు ముందుకు వేసి: మన వరిచేలో తిరిగే మిడత కూడా ఎక్కడి నుంచీ రాదు. రెండూ మనం కట్టిన చోట్లలోనే గుడ్డు పెడతాయి. పురుగు చేసే నష్టం దాని నోటిని బట్టి కంటే దాని గుడ్డు ఉన్న చోటును బట్టే తేలుతుంది. మన పని కూడా ఆ చోటుతోనే ఉండాలి గాని కళ్ళ ముందు ఎగిరే పురుగుతో కాదు.

ఏ మిడత అన్నది ముందు తేల్చుకోకపోతే మనం చెప్పేది మిడతంభొట్ల జోస్యమే అవుతుంది. 2020 వేసవిలో ఏమైందో గుర్తుండే ఉంటుంది. ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోకి వచ్చింది. తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో హెచ్చరికలు చేశారు. ఆ మే నెల చివర్లోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టును కమ్మిన మిడతల్ని చూసి దండు దిగిందని కలకలం రేగింది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలోనూ ఇదే జరిగింది. అవి జిల్లేడు ఆకు తిని బతికే రంగుల మిడతలు. పంట జోలికి పెద్దగా పోవు, వందల మైళ్ళు ఎగరవు. కానీ మిడత అన్న పేరు వినగానే ఈతిబాధల భయమంతా లేచి కూర్చుంది. మరి మన వరిచేలో ఉండే మిడత వేరు. శాస్త్రజ్ఞులు దాన్ని హైరోగ్లైఫస్ బనియన్ అంటారు. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1798లో దాన్ని లోకానికి వర్ణించి చెప్పాడు. ఆకుపచ్చ, లేత పసుపు కలిసిన ఒళ్ళు, మెడ మీద అడ్డంగా నల్లటి గీతలు. ఇది దండు కట్టదు. దండు కట్టే జాతి మిడతలు గుంపు కూడినప్పుడు రంగూ నడతా మార్చుకుని దండుగా మారతాయని 1921లో బోరిస్ యువరోవ్ ప్రతిపాదించాడు. వరి మిడతలో ఆ మార్పు లేదు. ఏ ఊరి మిడత ఆ ఊరిదే. ఇంకా సరిగా చెప్పాలంటే, ఏ గట్టు మిడత ఆ గట్టుదే.

దాని సంవత్సరాన్ని మన వ్యవసాయ సంవత్సరంతో పోల్చి చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో, మన చేలు ఈని గింజ గట్టిపడే రోజుల్లో, ఆడ మిడత గట్టు దగ్గర చేరుతుంది. తోక చివరను మట్టిలోకి దించి రెండంగుళాల లోతున గుడ్లు ముద్దగా పెట్టి, చుట్టూ నురగ లాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు గట్టిపడి తిత్తి అవుతుంది. ఒక్కో తిత్తిలో ముప్పై, నలభై గుడ్లు. కోతలవుతాయి, నూర్పిళ్ళవుతాయి, సంక్రాంతి వెళుతుంది, ఎండలు ముదురుతాయి. గుడ్లు మాత్రం కదలవు. జూన్, జూలైల్లో వాన పడి గట్టు మీద గడ్డి లేవగానే పిల్లలు బయటికొస్తాయి. మొదటి మేత ఆ గడ్డే. ఉభాలు అయ్యాక వరి కుదురుకుంటున్న వేళకు అవి మడిలోకి దిగుతాయి. అందుకే మొదటి దెబ్బ ఎప్పుడూ గట్టు వార కనిపిస్తుంది. సెప్టెంబరు నాటికి రెక్కలొస్తాయి. వెన్ను తీసే దశలో కాడ కొరికితే ఆ వెన్ను పోయినట్టే. ఏడాదికి ఒకే తరం.

మడిలో గుడ్డు ఎందుకు పెట్టదు? పెడితే బతకదు కనుక. మడిని మనం దున్నుతాం, నీరు నిలబెట్టి దమ్ము చేస్తాం. చుట్టూ బురద చేసి, మధ్యలో కలపని, తడవని, గడ్డి ఉన్న సన్నటి మట్టి పట్టీ ఒకటి వదిలేస్తాం. దాన్నే గట్టంటాం. నీరు ఆపడానికీ, నడవడానికీ, ఎవరి కమతం ఎంతవరకో తెలియడానికీ దాన్ని కట్టుకున్నాం. మిడత దృష్టిలో అది ఎనిమిది నెలలు ఎవరూ ముట్టుకోని గుడ్ల నిలవ. గొట్టా దగ్గర వంశధార నీరు మళ్ళించుకున్నా, నాగావళి ఆనకట్ట నీరు పారించుకున్నా, సాగు పెరిగిన చోటల్లా గట్టు నిడివి పెరిగింది. కమతం చీలిన ప్రతిసారీ కొత్త గట్టు పుట్టింది. అన్నదమ్ముల పంపకం మిడతకు కూడా వాటా ఇస్తుందంటే నవ్వు రావచ్చు గాని లెక్క అదే.

ఇక ముక్కుపురుగు. దీన్ని 1763లో లిన్నేయస్ వర్ణించాడు. ఇప్పటి శాస్త్రనామం సైటోఫిలస్ ఒరైజే. మూడు, నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు, రెక్కల పెంకు మీద నాలుగు ఎర్రటి మచ్చలు. తల ముందుకు సాగి ముక్కులా ఉంటుంది. నిజానికి అది ముక్కు కాదు, చివరన దవడలున్న పొడుగాటి మూతి. ఆడపురుగు ఆ మూతితో గింజకు రంధ్రం తొలిచి, వెనక్కి తిరిగి అందులో ఒకే గుడ్డు పెట్టి, పైన జిగురుతో బిరడా వేస్తుంది. ఆ బిరడా ఆరితే గింజ రంగులో కలిసిపోతుంది. గుడ్డు పగిలి, కాళ్ళు లేని తెల్లటి పిల్ల గింజ లోపలే తిని, అక్కడే పెరిగి, అక్కడే ప్యూపాగా మారి, పెద్ద పురుగై గోడ కొరుక్కుని బయటికొస్తుంది. వేడీ తేమా అనుకూలంగా ఉంటే ఇదంతా సుమారు నెల రోజుల పని. ఒక ఆడపురుగు తన జీవితంలో మూడొందల దాకా గుడ్లు పెట్టగలదు. ఇంట్లో ఆడవాళ్ళు చేటలో చూసేది ఈ కథలో చివరి ఘట్టాన్ని మాత్రమే. పైన పది పాకుతుంటే లోపల ఎన్ని ఉన్నాయో గింజ చెప్పదు.

ఇక్కడ ఒక పక్కమాట. పెసల్లో, కందుల్లో బొక్కలు పెట్టే పుచ్చుపురుగు ముక్కుపురుగు కాదు. దానికి ఆ మూతి లేదు. అది పప్పు గింజ మీద గుడ్డు అతికిస్తుంది, తొలిచి దాచదు. అందుకే పప్పులకు ఆముదం రాసే మన పాత పద్ధతి దానిమీద బాగా పనిచేస్తుంది: పైనున్న గుడ్డుకు నూనె తగులుతుంది. బియ్యానికి అదే చేస్తే గుడ్డుకు ఏమీ కాదు, అన్నం మాత్రం వాసనేస్తుంది. ఒకే వంటింట్లో రెండు డబ్బాల్లో రెండు పురుగులు, రెండు చికిత్సలు. తేడా అంతా గుడ్డు గింజ పైన ఉందా లోపల ఉందా అన్న దానిలోనే.

తెల్లటి పాలిష్ బియ్యంలో పిండి తప్ప పెద్దగా ఏమీ ఉండదని మనుషులకు వైద్యులు చెబుతారు. మరి ఆ బియ్యం మీదే పుట్టి పెరిగే పురుగుకు గట్టి పెంకు ఎలా వస్తోంది? దాని ఒంట్లో కాపురం ఉండే ఒక బ్యాక్టీరియా ఆ లోటు పూడుస్తుంది. పెంకు గట్టిపడడానికి కావలసిన టైరోసిన్ వంటి అమైనో ఆమ్లాల్ని అదే సమకూరుస్తుంది. పెంకు తయారయ్యాక పురుగు పేగుల్లోని ఆ బ్యాక్టీరియాను కొద్ది రోజుల్లో తనే కరిగించేసుకుంటుందని ఫ్రాన్సులోని లియోన్ పరిశోధకులు 2014లో చూపించారు. పని ముగిశాక పనివాడిని పంపేయడం మనిషి ఒక్కడికే తెలిసిన విద్య కాదన్నమాట. మన వాదానికి కావలసింది ఇంత: ఈ పురుగు తిండిని చూసి చోటు ఎంచుకోలేదు. చోటును ఎంచుకుంది, తిండిలోని కొరతను ఇంకోలా తీర్చుకుంది. గింజ దానికి ముందు గుడ్డు గది, తర్వాతే ఆహారం.

ఇది ఊహ కాదనడానికి దూరదేశపు సాక్ష్యం ఒకటుంది. జపాన్ దక్షిణాన తనెగషిమ ద్వీపంలో దొరికిన, పదివేల ఏళ్ళ నాటి మట్టి పాత్రల పెంకుల్లో ముక్కుపురుగుల అచ్చులు కనిపించాయి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు చిక్కుకుని, కాల్చినప్పుడు కాలిపోయి, ఆకారం మాత్రం మిగిల్చిన పురుగులు. వాటిని మన ముక్కుపురుగుకు దగ్గరి చుట్టమైన మొక్కజొన్న ముక్కుపురుగుగా గుర్తించారు. అప్పటికి ఆ ద్వీపంలో మొక్కజొన్న మాటే లేదు, వరి కూడా లేదు. అక్కడి మనుషులు దాచుకున్నది అడవిలో ఏరిన సింధూర (ఓక్) గింజలు, చెస్ట్‌నట్‌లు. వ్యవసాయం కంటే ముందే నిలవ పుట్టింది. నిలవతోనే ఈ పురుగూ ఇంట్లోకి చేరింది.

మన ప్రాంతంలోనే ఇంకా గట్టి సాక్ష్యం ఉంది, అది చోడి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట ఊళ్ళలో తరాల తరబడి అంబలి పోసి బతికించిన గింజ. బాగా ఎండిన చోళ్ళను ఏళ్ళ తరబడి నిలవ ఉంచుకోవచ్చని ఇక్కడి ముసలివాళ్ళందరికీ తెలుసు. కరవుకు దాచుకునే గింజ అదే. దాని మీద ఏ మందూ చల్లలేదు, ఏ వేపాకూ కలపలేదు. మరి ముక్కుపురుగు దాన్ని ఎందుకు వదిలేసింది? చోడి గింజ మరీ చిన్నది. పిల్ల పుట్టి, పెరిగి, ప్యూపా కావడానికి ఆ గదిలో చోటు చాలదు. పోషకాలు చూస్తే బియ్యం కంటే చోడి మెరుగు. పురుగు నష్టాన్ని నోరే తేలిస్తే చోళ్ళు ముందు పోవాలి, బియ్యం మిగలాలి. జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంది. నా వాదానికి ఇంతకంటే సూటి నిరూపణ నేను చూపలేను.

వరిలోనూ ఇదే సూత్రం ఇంకో రూపంలో పనిచేస్తుంది. ధాన్యం గింజ పొట్టు చెక్కుచెదరకుండా మూసుకుని ఉంటే ముక్కుపురుగు లోపలికి పోవడం కష్టం. పొట్టు అంచులు సరిగా కలవని చోట, చిట్లిన చోట మాత్రమే దానికి దారి. బియ్యంగా మారిన క్షణం నుంచి ఆ కోట ఉండదు. పూర్వం ఇంట్లో నిలవ ఉండేది ధాన్యం. గాదెలో, గరిసెలో, ఎండుగడ్డి వెంటితో చుట్టిన పురిలో ఉన్నదంతా పొట్టుతో ఉన్న గింజే. వారానికో పది రోజులకో సరిపడా దంపుకునేవారు. దంపుడు శ్రమ ఎక్కువ, అది మళ్ళీ రావాలని నేను కోరడం లేదు. కానీ ఆ శ్రమలో పురుగుకు సమయం ఇవ్వని ఏర్పాటు ఒకటి దాగి ఉంది: బియ్యంగా గింజ బతికే కాలం, పురుగు ఒక తరం పూర్తి చేసే కాలం కంటే తక్కువ. మిల్లు వచ్చాక ధాన్యం కళ్ళం నుంచే వెళ్ళిపోతుంది, బియ్యం బస్తాల్లో నెలల తరబడి ఉంటుంది. నెలకొక తరం వేసే పురుగుకు మనం ఏడాది పొడవునా తలుపు తెరిచిపెట్టాం.

ఆ బస్తా కథ కూడా మనదే. గోగు ఈ జిల్లాల పంట. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా గోగునార మీద పనిచేస్తోంది. ఏఎంవీ అన్న అక్షరాలతో మొదలయ్యే గోగు రకాలు ఈ ఊరి పేరునే మోస్తున్నాయి. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల కాలం నుంచి ఇక్కడి నార గోనె అవుతోంది. గోనె మంచి వస్తువు: గాలి ఆడుతుంది, జారదు, మట్టిలో కలుస్తుంది. అయితే ఆ నేత సందులు మూడు మిల్లీమీటర్ల పురుగుకు అడ్డు కావు. పైగా ఖాళీ చేసిన గోనె కుట్టు మడతల్లో మిగిలిన నాలుగు గింజలు వచ్చే ఏటికి విత్తనంలా పనిచేస్తాయి. మిల్లులో ధాన్యం ఆడేటప్పుడు లోపల పురుగున్న గింజలు చాలా వరకు నలిగి నూకలోకో తవుడులోకో పోతాయి. కొత్త బియ్యానికి పురుగు పట్టేది ఎక్కువగా ఆ తర్వాతే: యంత్రం కింద పేరుకున్న తవుడులో, గిడ్డంగి గోడ నెర్రెల్లో, పాత గోనెల్లో ఉన్నది వచ్చి పడుతుంది. గట్టు మిడతకు ఎలాంటిదో, పాత గోనె ముక్కుపురుగుకు అలాంటిది. కోతకూ నాటుకూ మధ్య ఎవరూ పట్టించుకోని ఖాళీలో రెండూ కాపాడబడుతున్నాయి.

తేమ సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. గింజలో తేమ పది శాతం కంటే బాగా దిగితే ముక్కుపురుగు సంతానం నిలవదు. పద్నాలుగు దగ్గర అది హాయిగా ఉంటుంది. ప్రభుత్వం 17 శాతం దాకా తేమ ఉన్న ధాన్యం కొంటుంది, బియ్యాన్ని 14 శాతం దగ్గర తీసుకుంటుంది. తేమ నిబంధన రైతును ఇబ్బంది పెడుతోందని ప్రతి ఏడూ వినపడుతుంది. అది నిజమైన బాధే. మన కోతలు తుపాన్ల ఋతువులో పడతాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, అన్నీ అక్టోబరులోనే. కుప్ప తడిసిన రైతుకు 17 శాతమే గండం. అయితే నిబంధనను సడలించడం వల్ల బాధ తీరదు, చోటు మారుతుంది. కళ్ళంలో ఆరని తేమ గిడ్డంగిలో పురుగై లేస్తుంది. పురుగు ఊపిరితో వేడీ తేమా ఇంకా పెరుగుతాయి, బూజు పడుతుంది. కళ్ళం దగ్గరే ఆరబెట్టే యంత్రం, సిమెంటు కళ్ళం ఊరికి అందుబాటులో ఉండడం రైతుకు ఎంత అవసరమో, ఎక్కడో రేషను బియ్యం వండుకునే ఇల్లాలికీ అంతే అవసరం.

ఇప్పుడు రెండింటినీ ఒక లెక్కలో పెట్టి చూద్దాం. ఒక ఆడపురుగుకు పుట్టిన ఆడపిల్లల్లో పాతిక మాత్రమే బతికి మళ్ళీ గుడ్డు పెడతాయని అనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న ఊహ. ఏడాది తిరిగేసరికి మిడత పాతిక అవుతుంది. ముక్కుపురుగు మూడు నెలల్లో, మూడు తరాల్లో, పదిహేను వేలు దాటుతుంది. తినడంలో మిడతది పెద్ద చేయి. ఒక్క మిడత ఒక్క రోజులో తినేదాన్ని ముక్కుపురుగు జీవితమంతా తినలేదు. అయినా లెక్క తిరగబడింది. మిడత గుడ్డు మట్టిలో, ఎండకూ వానకూ కట్టుబడి, ఏడాదికి ఒకసారే పగలగలదు. ముక్కుపురుగు గుడ్డు మన పైకప్పు కింద, ఋతువు అంటూ లేని చోట ఉంది. పైగా మిడత తినేది ఆకు. పిలక వేసే దశలో పోయిన ఆకును వరి చాలావరకు మళ్ళీ వేసుకుంటుంది. ముక్కుపురుగు తినేది దుక్కి, నారు, నీరు, ఎరువు, కోత, నూర్పు, మిల్లు ఖర్చు అన్నీ పెట్టాక మిగిలిన గింజను. దాన్ని మళ్ళీ వేసుకునే మొక్క ఇక లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది: మిడత ఇవాళ వరికి ముఖ్య శత్రువు కాదు, దోమపోటు, ఆకుముడత, కాండం తొలిచే పురుగు ముందు దాని లెక్కెంత అని. ఒప్పుకుంటాను. రాగోలు పరిశోధన స్థానం శ్రీకాకుళం సన్నాలు వంటి రకాలు ఇచ్చిన ఈ జిల్లాలో రైతు నిద్ర పట్టనివ్వనిది మిడత కాదు. నేను దాన్ని ఎంచుకున్నది అది పెద్దదని కాదు, దాని జీవితం సూటిగా కనిపిస్తుందని. గుడ్డు చోటు పట్టుకుంటే పురుగు చిక్కుతుందన్న పాఠం అక్కడ తేలిగ్గా చదవవచ్చు. పైగా అది చిన్న శత్రువుగా ఉండడంలో వేసవి దుక్కులకూ, గట్లు చెక్కడానికీ వాటా ఉంది. ఆ పనులు తగ్గితే అది చిన్నదిగానే ఉంటుందన్న భరోసా లేదు.

రెండోది: ఈ సూత్రం ఒక్క వరికేనా, ముక్కుపురుగులన్నింటికీ వర్తిస్తుందా అని. ఉద్దానం కొబ్బరి తోటల్లో పరీక్షించి చూడవచ్చు. అక్కడి ఎర్రముక్కు పురుగు మన బియ్యపు పురుగుకు కులస్థురాలే, కాకపోతే దాదాపు ఒకటిన్నర అంగుళం ఉంటుంది. అదీ పెద్దదైన పురుగుగా చెట్టుకు చేసే హాని తక్కువ. చంపేది మానులోపల తొలిచే పిల్ల. గుడ్డు కోసం అది వెతికేది చెట్టు గాయాన్ని: కత్తి పడిన చోటు, కొమ్ముపురుగు తొలిచిన మొవ్వు, గాలికి చీలిన మట్ట మొదలు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన చెట్ల లెక్కే అందరూ చూశారు. నిలబడి గాయపడ్డ చెట్టు గురించి మాట్లాడింది తక్కువ. గాయానికి వెంటనే తారు పూయడం, పచ్చి మట్టను మొదలంటా కోయకుండా ఉండడం, ఇవన్నీ గుడ్డు చోటును మూసే పనులే.

మూడో అభ్యంతరం బలమైనది: మందులుండగా ఈ తంటా ఎందుకు? గిడ్డంగుల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టి, పైన పట్టా కప్పితే వెలువడే ఫాస్ఫీన్ వాయువు గింజ లోపలికీ పోతుంది కదా అని. పోతుంది. గుడ్డు చోటును చేరే మందు కనుకనే అది ఇంతకాలం నిలిచింది. ఆ మేరకు అది నా వాదానికి సాక్ష్యమే. అయితే పట్టా చిరిగి వాయువు కారితే పురుగుకు సగం మోతాదే అందుతుంది, తట్టుకున్నవి మిగిలి వంశం పెంచుతాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1972-73లో చేసిన ప్రపంచ సర్వేలోనే నిలవ పురుగుల్లో ఫాస్ఫీన్ నిరోధం కనిపించింది. ఇక ఇంట్లో బియ్యం డబ్బాలో ఆ బిళ్ళ వేయడం ఆలోచించవలసిన విషయమే కాదు. అది మనుషుల్ని చంపుతుంది. ఇంటికి దారి వేరే ఉంది: గాలి చొరని సంచి లేదా డబ్బా. లోపల ఉన్న ప్రాణవాయువును పురుగే వాడేసుకుని ఆగిపోతుంది. బియ్యాన్ని ఎండలో పోయడం తేమ దించుతుంది గాని ఎక్కువసేపు పోస్తే గింజ బీటలు వారి నూకవుతుంది. ఎండ పెట్టవలసింది ధాన్యానికి, పాత గోనెకు. బియ్యానికి కావలసింది మూత.

గట్టు విషయంలోనూ ఒక అభ్యంతరం వింటాను, అది పర్యావరణం తెలిసినవారిది. గట్టు మిడతకే ఇల్లు కాదు, సాలీళ్ళకూ మిత్రకీటకాలకూ ఇల్లే. దాన్ని బోడి చేస్తే రెండూ పోతాయి కదా? మిడత గుడ్ల తిత్తుల్లో తన గుడ్డు పెట్టే సీలియో అనే చిన్న కందిరీగ ఉంది. కంది పువ్వు తినే బొబ్బల పెంకు పురుగు మనకు శత్రువే, కానీ దాని పిల్లలు మట్టిలో మిడత గుడ్లు తిని పెరుగుతాయి. గట్టు మీద కంది వేసే రైతుకు ఈ పురుగు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తోంది. కాబట్టి గట్టు తగలబెట్టాలనీ, కలుపుమందు కొట్టాలనీ నేను అనను. తగలబెడితే రెండంగుళాల కింద ఉన్న తిత్తికి వేడి సరిగా తగలదు కూడా. కంది తీశాక, ఏప్రిల్, మే నెలల్లో, గట్టు పక్కల మట్టిని పారతో పలచగా చెక్కి మడిలోకి లాగితే చాలు. బయటపడ్డ తిత్తులు కొన్ని ఎండకు మాడతాయి, కొన్ని గోరింకలకూ కాకులకూ దొరుకుతాయి, మిగిలినవి దమ్ములో పోతాయి. గట్టు నడుమ గడ్డి అలాగే ఉంటుంది.

ఇవన్నీ తెలిసినవే అయినా ముక్కుపురుగు ఈతిబాధల్లోకి ఇప్పటికీ ఎందుకు రాలేదన్న ప్రశ్న మిగిలే ఉంది. మన లెక్కలు పొలం గట్టు దగ్గరే ఆగిపోతాయన్నది నా జవాబు. తుపాను వస్తే అధికారులు చేలో పడిన పంట రాస్తారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా కోత తర్వాతి నష్టాన్ని చూసేది పొలంలో ఆరబెట్టిన పంటకు, అదీ పద్నాలుగు రోజుల దాకా. ఆ తర్వాత గింజకు జరిగేది ఈ దస్త్రాల్లో ఉండదు. చెరగడం, ఏరడం, కడగడం, పురుగు పట్టిన బియ్యాన్ని కోళ్ళకు వేసి కొత్తవి కొనడం, ఈ పనులు చేసేది ఆడవాళ్ళు. వాళ్ళ గంటలకు కూలి రేటు కట్టినవారు లేరు. మిడత నష్టం మగవాడి నష్టంగా వ్యవసాయాధికారి దాకా వెళుతుంది. ముక్కుపురుగు నష్టం వంటింటి చిరాకుగా చేటలోనే ఆగుతుంది. నష్టం ఎక్కువా తక్కువా అన్నది కాదు, ఎవరి చేతుల మీదుగా జరిగింది అన్నది దాన్ని లెక్కలోకి రానిచ్చిందో రానివ్వలేదో తేల్చింది.

కనుక ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికీ, నైరా వ్యవసాయ కళాశాల విద్యార్థులకూ నేను అడిగేది రెండు లెక్కలు. మే నెలలో, ఎంచుకున్న కొన్ని ఊళ్ళలో, గట్టు పక్క మట్టి తవ్వి మూరకు ఎన్ని తిత్తులున్నాయో లెక్కపెట్టాలి; కంది ఉన్న గట్టూ లేని గట్టూ విడివిడిగా చూడాలి. అవే ఊళ్ళలో ఫిబ్రవరిలో ఒకసారి, వానలు పట్టాక ఆగస్టులో ఒకసారి, ఇళ్ళలోని బియ్యం నమూనా తీసుకుని గింజలు తూచాలి, తేమ చూడాలి, గోనెలో ఉన్నదీ మూత ఉన్న డబ్బాలో ఉన్నదీ వేరుగా రాయాలి. చెరగడానికి ఎంత సేపు పట్టిందో ఆ ఇంటి ఆడవాళ్ళనే అడిగి రాయాలి. మొదటి లెక్కకు పార, రెండో లెక్కకు తక్కెడ, తేమ మీటరు చాలు. రెండింటినీ ఒకే పుస్తకంలో, ఒకే ఊరి పేరు కింద రాయడం మాత్రం మరవకూడదు.